నొప్పిని మనసు ఖాతాలో రాసిన ప్రశ్నపత్రాలు

"నొప్పి ఎక్కడ?" అన్న ప్రశ్న వైద్యమంత పాతది. నొప్పితో వచ్చిన మనిషి చేతిలో అచ్చుకాగితం పెట్టి, నిద్ర పడుతోందా, ఊరికే ఏడుపు వస్తోందా, నలుగురూ నిన్ను చిన్నచూపు చూస్తున్నారనిపిస్తోందా అని అడగడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన అలవాటు. వచ్చిన జవాబులకు అంకెలు వేసి, అంకెలను కూడి, ఈ మనిషి బాధ వెన్నుపూసలో ఉందా మనసులో ఉందా అని తేల్చే పద్ధతి ఆ శతాబ్దం నడిమికి ఆసుపత్రుల్లో స్థిరపడింది. రోగిని పరీక్షించడానికి పుట్టిన ఈ ప్రశ్నపత్రాలను తిరిగి ఎవరు పరీక్షించారు, ఎప్పుడు పరీక్షించారు, అందులో ఏం బయటపడింది అన్నదే ఈ వ్యాసవిషయం.

సాహిత్య పత్రికలో ఈ చర్చకు చోటేమిటని మిత్రులు కొందరు అడగవచ్చు. ఒక మనిషి తన ఒంటి గురించి చెప్పుకున్న మాట ఒకటి ఉంది. ఆ మాటకు అర్థం చెప్పే సాధనం మరొకటి ఉంది. సాధనం తయారయ్యేటప్పుడే అందులో కొన్ని జవాబులు దాగి ఉంటే, అది మాటను చదవదు, మాట మీద తీర్పు రాస్తుంది. రచనకు అర్థం చెప్పే విమర్శకుడి పనిముట్ల గురించి మనం వేసే ప్రశ్న కూడా ఇదే కదా! విమర్శకుడు పొరబడితే పుస్తకానికి అన్యాయం జరుగుతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే పనికి పోలేని మనిషికి నష్టపరిహారం పోతుంది, చికిత్స కావలసినవాడికి నీతిబోధ దొరుకుతుంది.

నొప్పి చెప్పుకునేవాణ్ణి అనుమానించడం ప్రశ్నపత్రాల కంటే పాతది. దాని ఆధునిక చరిత్ర రైళ్లతో మొదలవుతుంది. 1866లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్సెన్ రైలు ప్రమాదాల గురించి ప్రసంగాలు ప్రచురించాడు. ఎముక విరగదు, పైకి గాయం కనిపించదు. అయినా కొన్నాళ్లకు వెన్నునొప్పి, నీరసం, నిద్రలేమి మొదలవుతాయి. వెన్నుపాముకు తగిలిన అదురే దీనికి కారణమన్నాడాయన. నష్టపరిహారం దావాల్లో ఈ మాట బాగా పనికొచ్చింది. 1883లో హెర్బర్ట్ పేజ్ దీనికి జవాబుగా పెద్ద గ్రంథం రాశాడు. చాలామందిలో వెన్నుపాముకు ఏమీ కాలేదు, భయమే నరాలను కుదిపింది అన్నాడు. పేజ్ లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి శస్త్రవైద్యుడు. ఆయన చెప్పిందంతా కంపెనీ కోసం అల్లిన కట్టుకథ అని కొట్టేస్తే తేలిక విమర్శ అవుతుంది. ఎరిక్సెన్ ఊహించిన వెన్నుపాము దెబ్బకు ఆధారాలు బలహీనమే, భయం ఒంటిని కుదిపేస్తుందన్న మాటా నిజమే. కాని ఒక శాస్త్రీయ సందేహం కంపెనీ లెక్కల పుస్తకానికి లాభంగా మారిన తీరును చరిత్రకారుడు పక్కన పెట్టలేడు.

జర్మనీలో 1884లో కార్మికుల ప్రమాద బీమా చట్టం వచ్చింది. 1889లో హెర్మన్ ఓపెన్‌హైమ్ ప్రమాదాల వల్ల కలిగే నరాల రుగ్మత గురించి రాశాడు. ఆయన ప్రత్యర్థులు దాన్ని తిరగేసి, రోగాన్ని పుట్టిస్తున్నది ప్రమాదం కాదు, పింఛను మీద ఆశే అన్నారు. ఆ వాదమే నెగ్గింది. 1926లో జర్మన్ ప్రభుత్వ బీమా కార్యాలయం అటువంటి రుగ్మతకు పరిహారం ఇవ్వనక్కర్లేదని తీర్పు చెప్పింది. 1961లో ఇంగ్లండులో హెన్రీ మిల్లర్ అనే నరాల వైద్యుడు, దావా తేలి డబ్బు చేతికందాక ఈ రోగులు ఇంచుమించు అందరూ వైద్యం లేకుండానే బాగవుతారని ప్రకటించాడు. న్యాయస్థానాల్లో ఆ మాట ఏళ్ల తరబడి చెలామణీ అయింది. 1982లో ఆస్ట్రేలియాకు చెందిన జార్జి మెండెల్సన్ అధ్యయనాలన్నీ పరిశీలించి, తీర్పుతో నయమవుతారన్న మాట నిలబడదని చూపేదాకా దాన్ని గట్టిగా ప్రశ్నించినవారు తక్కువ.

అంటే అనుమానం ముందునుంచీ ఉంది. లేనిదల్లా దాన్ని అంకెల్లో చెప్పే కొలబద్ద. అది సైన్యం నుంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మోతకు కుప్పకూలే మనుషులను ముందుగానే ఏరి పక్కన పెట్టాలని అమెరికన్ సైన్యం కోరింది. 1917 తర్వాత కొలంబియా విశ్వవిద్యాలయపు రాబర్ట్ వుడ్‌వర్త్ అవును, కాదు జవాబులతో 116 ప్రశ్నల పత్రం తయారుచేశాడు. అది అక్కరకు రాకముందే యుద్ధం ముగిసింది. కాని లక్షణాల జాబితా ఇచ్చి, జవాబులు లెక్కపెట్టి, మనిషిని ఒక గడిలో వేసే నమూనా మిగిలిపోయింది.

ఈ నమూనాకు పెద్ద వారసత్వం మినెసోటా విశ్వవిద్యాలయంలో దొరికింది. మనస్తత్వవేత్త స్టార్క్ హాథవే, నరాల వైద్యుడు మెకిన్లీ కలిసి తయారుచేసిన మినెసోటా బహుముఖ వ్యక్తిత్వ పరీక్ష 1943లో అచ్చయింది. అయిదు వందల యాభై వాక్యాలు. ఒక్కొక్కదానికి నిజం, అబద్ధం అని గుర్తు పెట్టాలి. వాళ్లు సిద్ధాంతం జోలికి పోలేదు. ఫలానా రుగ్మత ఉందని వైద్యులు నిర్ణయించిన రోగులకు, మామూలు మనుషులకు ఒకే వాక్యాలిచ్చి, ఎక్కడ జవాబులు వేరుగా వచ్చాయో ఆ వాక్యాలను ఏరి ఒక్కో కొలమానంగా కట్టారు. ఆ రోజులకు అది నిజాయితీ గల పద్ధతే. వైద్యుడి ఊహ కంటే లెక్క మేలు కదా.

అయితే ఆ మామూలు మనుషులెవరు? విశ్వవిద్యాలయం ఆసుపత్రికి రోగులను చూడటానికి వచ్చిన బంధుమిత్రులు, 724 మంది. మినెసోటా తెల్లవాళ్లు, సగటున ఎనిమిదేళ్ల చదువు, ఎక్కువమంది పల్లెలవాళ్లు, చిన్న పట్నాలవాళ్లు. వాళ్లను ఎంచుకోవడానికి పెట్టిన షరతు ఒకటుంది: ఆ సమయంలో ఏ వైద్యుడి దగ్గరా చికిత్స పొందుతూ ఉండకూడదు.

ఈ షరతు దగ్గర కాసేపు ఆగాలి. కొలబద్దకు సున్నాగా నిలబెట్టింది ఆరోగ్యంగా ఉన్న ఒంటిని. రెండోవైపు, రోగభయం కొలమానం కోసం తీసుకున్నది ఒంటిబాధలు ఎన్నో చెబుతున్నా పరీక్షల్లో ఏ జబ్బూ కనిపించని రోగులను. ఒక గుంపుకు జబ్బూ లేదు, బాధా లేదు. రెండో గుంపుకు బాధ ఉంది, జబ్బు దొరకలేదు. జబ్బూ ఉండి బాధా ఉన్న మూడో మనిషి ఈ కొలమానపు పునాదిలో లేడు. ఆసుపత్రికి రోజూ వచ్చేది మాత్రం అతనే! అతని చేతిలో ఈ కాగితం పెడితే అతని వాక్యాలు రెండో గుంపు వాక్యాల్లాగే ఉంటాయి. లెక్క అతన్ని అక్కడికే తోస్తుంది. దీనికి ఎవరి దురుద్దేశమూ అవసరం లేదు, కూడిక చాలు.

1951లో హాన్విక్ అనే పరిశోధకుడు ఈ వాక్యాల సాయంతోనే నడుమునొప్పిని రెండుగా చీల్చబోయాడు: కారణం దొరికిన నొప్పి, దొరకని నొప్పి. రెండు రకాల రోగులను వేరు చేస్తుందంటూ ఒక ప్రత్యేక కొలమానం కట్టాడు. తర్వాత చూసినవారికి ఆ విభజన అంత చక్కగా కుదరలేదు. కాని ఆ ఆలోచన ఆసుపత్రుల్లో పాతుకుపోయింది. రోగభయం, హిస్టీరియా కొలమానాలు ఎత్తుగా, వాటి నడుమ కుంగుబాటు కొంచెం పల్లంగా ఉంటే గీత ఇంగ్లీషు 'వి' అక్షరంలా కనిపిస్తుంది. ఆ ఆకారానికి ఫ్రాయిడ్ పరిభాష నుంచి పేరు తెచ్చి, మనోవేదన ఒంటినొప్పిగా మారిందనడానికి గుర్తన్నారు. దీర్ఘకాలపు నడుమునొప్పి రోగుల్లో ఈ ఆకారం మాటిమాటికీ కనిపించింది. ఇంతమందిలో కనిపిస్తున్నదంటే ఇంతమందికీ హిస్టీరియా ఉందనుకున్నారే గాని, గీత మరేదో కొలుస్తోందేమో అన్న అనుమానం బలపడటానికి చాలా కాలం పట్టింది.

ఆ అనుమానానికి కావలసిన పదజాలం 1955లో సిద్ధమైంది. లీ క్రాన్‌బాక్, అదే మినెసోటాకు చెందిన పాల్ మీల్ కలిసి మానసిక పరీక్షల సప్రమాణత గురించి ఒక వ్యాసం రాశారు. విశ్వసనీయత వేరు, సప్రమాణత వేరు. సంతలో దొంగరాయి పెట్టి తూచే వ్యాపారి తక్కెడ పొద్దున తూచినా సాయంత్రం తూచినా ఒకే తూకం చూపిస్తుంది. అది విశ్వసనీయత. అది చూపిన సేరు నిజంగా సేరేనా అన్నది సప్రమాణత. కుంగుబాటు వంటివాటికి ముందే ఒప్పుకున్న సేరురాయి లేదు. అందుచేత ఒక పరీక్ష కుంగుబాటునే కొలుస్తోందని చెప్పాలంటే, కుంగుబాటు గురించి మనకున్న సిద్ధాంతం మొత్తంతో ఆ అంకెలు పొసగాలి: దేనితో పెరగాలో దానితో పెరగాలి, దేనితో సంబంధం ఉండకూడదో దానితో ఉండకూడదు. ఒకచోట కుదిరిన కొలత మరోచోట కుదరకపోవచ్చునన్నది దీని పర్యవసానం. పిచ్చాసుపత్రిలో సప్రమాణమైనది కీళ్లవాతపు వార్డులో సప్రమాణం కాకపోవచ్చు.

ఈలోగా కొత్త పత్రాలు వచ్చాయి. 1961లో ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్ 21 అంశాలతో కుంగుబాటు పట్టిక రాశాడు. 1973లో లియొనార్డ్ డెరోగేటిస్ 90 లక్షణాల జాబితా ప్రకటించాడు. గడచిన ఏడు రోజుల్లో ఒక్కొక్క లక్షణం ఎంత బాధపెట్టిందో సున్నా నుంచి నాలుగు వరకు అంకె వేయాలి. తొంభై లక్షణాల్లో చాలావాటిని తొమ్మిది గడుల్లో సర్దారు. నొప్పి చికిత్సాలయాల్లో దీనికి చాలా ప్రచారం దొరికింది.

మగ్గం గుంటలో పాతికేళ్లు కూర్చుని నడుము పోగొట్టుకున్న నేతపనివాడు ఒకడు ఈ జాబితా నింపాడనుకుందాం. నడుమునొప్పి ఉంది, కండరాలు నొస్తున్నాయి, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, చేతులూ కాళ్లూ బరువుగా ఉన్నాయి. ఇవన్నీ మానసిక బాధను ఒంటిబాధగా అనుభవించడం అనే గడిలో పడతాయి. మనసు ఒకచోట నిలవడం లేదు, పని మెల్లగా సాగుతోంది. ఇది అబ్సెషన్ గడి. ఓపిక లేదు, ముందు రోజుల మీద ఆశ లేదు. కుంగుబాటు గడి. చేసిన పనికి తగిన గుర్తింపు ఇవ్వడం లేదు, వదిలేస్తే జనం తనను వాడుకుంటారు అనిపిస్తోందా? నేతపనివాడు షావుకారును తలచుకుని గట్టిగా అవునంటాడు. అది పారనోయియా, అంటే అకారణ అనుమానం, గడిలోకి వెళుతుంది. ఒంట్లో ఏదో పెద్ద తేడా వచ్చిందనిపిస్తోందా? వచ్చింది కాబట్టే డాక్టరు దగ్గరికి వచ్చానంటాడు. ఆ జవాబు పడే గడి అన్నిటికంటే విచిత్రం. అది సైకోసిస్ ఛాయలను కొలిచే గడి!

వెటకారం కోసం చెప్పడం లేదు. ఒక్కొక్క అంశం ఆ గడిలో ఎందుకు చేరిందో దానికి లెక్కల కారణాలున్నాయి. ఒంట్లో ఏ జబ్బూ లేని మానసిక రోగి, శరీరం కుళ్లిపోతోందని నమ్మితే అది నిజంగానే తీవ్ర రుగ్మతకు గుర్తు. అదే వాక్యాన్ని వెన్నుపూస అరిగినవాడు ఒప్పుకుంటే అది సమాచారం. వాక్యం ఒకటే, చెప్పే మనిషి పరిస్థితి వేరు. సందర్భం నుంచి విడదీసిన వాక్యానికి అర్థం చెప్పకూడదని సాహిత్య విద్యార్థికి మొదటి పాఠంలోనే నేర్పుతారు.

మినెసోటా పరీక్షను సూటిగా నిలదీసిన అధ్యయనం 1986లో వచ్చింది. థియొడోర్ పింకస్, ఆయన సహచరులు రుమటాయిడ్ కీళ్లవాతపు రోగులను తీసుకున్నారు. ఈ ఎన్నికలోనే సగం తెలివి ఉంది. కీళ్లవాతం ఊహ అని ఎవరూ అనలేరు. వాచిన కీలు చేతికి తగులుతుంది, ఎముక కొరుక్కుపోవడం ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఈ రోగులకు రోగభయం, కుంగుబాటు, హిస్టీరియా కొలమానాల్లో అంకెలు ఎక్కువ వస్తాయని అప్పటికే తెలుసు. మనోవికారాల వల్లే కీళ్లవాతం వస్తుందన్న వాదన కూడా వైద్యంలో ఒకప్పుడు ఉండేది. పింకస్ బృందం కీళ్ల వైద్యులకు పరీక్ష వాక్యాలు చూపించి, మనసుతో నిమిత్తం లేకుండా కేవలం కీళ్లవాతం ఉన్నందుకే ఆరోగ్యవంతులకు భిన్నంగా జవాబు వచ్చే వాక్యాలేవో చెప్పమంది. అయిదు తేలాయి. తోటివాళ్లంత ఆరోగ్యంగా ఉన్నానా, మునుపటంత పని చేయగలుగుతున్నానా, నొప్పులు పెద్దగా లేవా, త్వరగా అలసిపోతానా, ఈ కొన్నేళ్లుగా ఒంట్లో బాగానే ఉందా అన్నవి ఆ అయిదింటి సారాంశం.

ఈ అయిదింటికీ కీళ్లవాతపు రోగి చెప్పే నిజాయితీ గల జవాబులే ఆ మూడు కొలమానాలను పైకి నెడుతున్నాయి. పైగా ఆ జవాబులు వ్యాధి తీవ్రతతో ముడిపడి ఉన్నాయి. అంకె పెరిగింది వ్యాధి వల్ల, మనఃస్థితి వల్ల కాదని ఆ బృందం వ్యాసం శీర్షికలోనే చెప్పింది. రోగికి ఏమైందని అడిగే కాగితాన్ని పట్టుకుని, ఈ కాగితానికి ఏమైందని అడిగారు. 1989లో ఆ పరీక్షను సవరించి 2,600 మందితో కొత్త ప్రమాణాలు కట్టారు, మూల కొలమానాలు మాత్రం చాలావరకు పాతవే.

అంశాలను ఒక్కొక్కటిగా చూడటం ఒక దారి. రెండో దారి గడులనే పరీక్షించడం. ఎవరు ఏ అంశాలను కలిపి గుర్తిస్తున్నారో లెక్కగట్టి, ఏ లక్షణాలు సహజంగా గుంపు కడుతున్నాయో చూసే కారక విశ్లేషణ పద్ధతి అది. 1986లోనే శటీ, ఆయన సహచరులు దీర్ఘకాల నొప్పి రోగులు నింపిన తొంభై లక్షణాల జాబితాలను ఈ పద్ధతిలో చూస్తే, అచ్చుకాగితంలో ఉన్న తొమ్మిది గడులు అదే రూపంలో తిరిగి రాలేదు. 2000లో జర్మనీలో హార్ట్, గెర్బర్‌స్‌హాగెన్, ఫ్రాంకే చూసినప్పుడూ దాదాపు అదే. మొత్తం మీద మనిషి ఎంత కలత చెంది ఉన్నాడో చెప్పే ఒక్క కూడిక నమ్మదగ్గదే. తొమ్మిది పేర్లు పెట్టిన తొమ్మిది గీతలు మాత్రం నొప్పి రోగుల్లో నిలబడవు. అంటే పై నేతపనివాడు కష్టంలో ఉన్నాడని ఆ కాగితం చెబితే నమ్మవచ్చు, అతనికి పారనోయియా అంటే నమ్మకూడదు.

బెక్ పట్టికను లండన్‌లో అమాండా విలియమ్స్, ఫిల్ రిచర్డ్‌సన్ 1993లో పరీక్షించారు. నొప్పి రోగుల్లో అది అసలు కొలుస్తున్నదేమిటని వారి ప్రశ్న. జవాబులు మూడు గుంపులయ్యాయి: తన స్థితి గురించిన దుఃఖం, తనను తాను నిందించుకోవడం, ఒంటి మార్పులు. నిద్ర, అలసట, పనిచేయలేకపోవడం వంటివి మూడో గుంపు. మానసిక వైద్యుడికి ఇవి కుంగుబాటు గుర్తులు. నొప్పి రోగికి ఇవి నొప్పి గుర్తులు కూడా. రెండు రకాల మనుషులకు మొత్తం అంకె ఒకటే రావచ్చు, కూడిన భాగాలు వేరు. 2002లో మోర్లీ, విలియమ్స్, బ్లాక్ ఇంకా పెద్ద సంఖ్యలో రోగులతో చూసి రెండు గుంపులకు కుదించారు: తనను గురించిన ప్రతికూల భావన ఒకటి, ఒంటి పనితీరు ఒకటి. సాధారణ ప్రజల కోసం గీసిన కుంగుబాటు హద్దును నొప్పి రోగులకు అలాగే వాడటం తప్పన్నది ఈ పరిశోధనల సారం.

ఇంతవరకు చెప్పినవి కాగితాన్ని కాగితంతో పరీక్షించడమే. ఇంకో పరీక్ష ఉంది. మనోవికారం వల్ల నొప్పి వస్తోందా, నొప్పి వల్ల మనసు చెదురుతోందా? కారణాన్ని ఒక్కదాన్ని తీసేసి చూస్తే తెలియాలి. ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్‌లో నికొలాయ్ బొగ్డుక్ బృందానికి ఆ అవకాశం దొరికింది. కారు ప్రమాదంలో మెడ విసురుగా ఊగి, నెలలు గడచినా నొప్పి తగ్గనివాళ్లు వారి రోగులు. వైద్యంలో ఇంతకంటే ఎక్కువ అనుమానానికి గురైన రోగులు అరుదు: ఎక్స్‌రేలో ఏమీ ఉండదు, బీమా దావా నడుస్తూ ఉంటుంది. మందు ఏదో, ఉత్త నీళ్లేదో ఎవరికీ తెలియకుండా ఇంజెక్షన్లు చేసి, నొప్పి మెడలోని ఒకే ఒక చిన్న కీలు నుంచి వస్తోందని నిర్ధారించినవారిని ఎంచుకున్నారు. కొందరికి ఆ కీలు నుంచి వచ్చే నరాన్ని వేడితో మొద్దుబార్చారు, కొందరికి అదే తంతు వేడి లేకుండా జరిపారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు.

ముందూ తర్వాతా తొంభై లక్షణాల జాబితా నింపించారు. 1997లో వాలిస్, లార్డ్, బొగ్డుక్ ప్రకటించిన ఫలితమిది: నొప్పి పూర్తిగా పోయినవారందరి మానసిక కలతా పోయింది. నొప్పి పోనివారిలో ఒక్కరు తప్ప అందరికీ కలత అలాగే ఉంది. మనసుకు ఎవరూ వైద్యం చేయలేదు. నరం మీద పనిచేస్తే మనసు గీత మామూలైంది. రోగులు పదిహేడు మందే కావడం నిజం. నొప్పి ఒక్క కీలుకు పరిమితమైన మనుషులు వాళ్లు. ఒళ్లంతా నొప్పి పాకినవారికి, తీసేయడానికి ఒక్క నరం దొరకనివారికి ఈ ఫలితాన్ని యథాతథంగా అన్వయించలేం. అయినా మనోవికారమే మూలం అన్న సాధారణ సూత్రాన్ని కూల్చడానికి ఈ పదిహేడు మంది చాలు.

అదే బృందం 1996లో మరో పరీక్ష చేసింది. రచయితలకు ఇది తప్పక నచ్చుతుంది. విశ్వవిద్యాలయ విద్యార్థులను పిలిచి, మెడనొప్పి ఉన్నట్టు నటిస్తూ ఇదే జాబితా నింపమన్నారు. వాళ్లు అన్ని గడుల్లోనూ ఎడాపెడా అంకెలు వేశారు. అసలు రోగుల గీతకు ఒక ఆకారముంది. ఒంటిబాధలు, ఏకాగ్రత లోపం, కుంగుబాటు ఎత్తుగా ఉండి మిగతావి అణిగి ఉంటాయి. నటనకు ఆకారం లేదు, అంతా గోలే. కష్టాన్ని చూడకుండా కష్టజీవి కథ రాసేవాళ్ల పాత్రలు కూడా ఇలాగే పేజీపేజీకీ ఏడుస్తాయి. రోగిని అనుమానించే పనిలో పెట్టిన కాగితమే రోగి నటించడం లేదని సాక్ష్యం చెప్పింది. సాధనం ఎవరి చేతిలో ఏ ప్రశ్నకు జవాబుగా ఉందన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది. అందుకే ఈ పత్రాలను మొత్తంగా తగలబెట్టాలనే వీరావేశంతో నాకు ఏకీభావం లేదు.

ఏకీభావం లేకపోవడానికి మరో కారణముంది. ఏళ్ల తరబడి నొప్పితో బతికేవారిలో కుంగుబాటు నిజంగానే ఎక్కువ. అది నొప్పి ఫలితం కావచ్చు, అంతమాత్రాన అది చిన్నదైపోదు. దాన్ని గుర్తించకపోతే ప్రాణాలు పోతాయి. 1983లో లీడ్స్‌లో జిగ్మండ్, స్నైత్ ఈ చిక్కును చూసే ఆసుపత్రి రోగుల కోసం 14 ప్రశ్నల పత్రం రాశారు. ఒంటి లక్షణాలను చాలావరకు తీసేసి, సంతోషం, భయం, నవ్వగలగడం వంటివాటినే అడిగారు. మంచి పనే. కాని ఇది మరో గోతిలోకి దారితీసింది.

ఆ గొయ్యిని చైనాలో ఆర్థర్ క్లైన్‌మన్ చూపించాడు. హునాన్ వైద్య కళాశాలలో నరాల బలహీనత అని నిర్ణయించిన వందమంది రోగులను పరిశీలించి, అమెరికన్ సూత్రాల ప్రకారం వారిలో 87 మందికి కుంగుబాటు ఉందని 1982లో ప్రకటించాడు. వాళ్లు దుఃఖం చెప్పుకోవడానికి రాలేదు. తలనొప్పి, నిద్రలేమి, నీరసం చెప్పుకుంటూ వచ్చారు. సాంస్కృతిక విప్లవం ఏళ్లలో పడిన పాట్లు వాళ్ల వెనక ఉన్నాయి, వాటిని చెప్పడానికి ఒళ్లే సురక్షితమైన నోరు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో రఘురాం, మిచెల్ వైస్, వారి సహచరులు 1996లో ప్రచురించిన అధ్యయనం ఇంకా దగ్గరి విషయం. కుంగుబాటు లక్షణాలు ఎక్కువైనకొద్దీ రోగులు సామాజికంగా చులకన అవుతామన్న భయం ఎక్కువ చెప్పారు. ఒంటిబాధలు ఎక్కువైనకొద్దీ ఆ భయం తక్కువ. నడుమునొప్పి అంటే ఇంట్లో ఎవరూ తప్పుపట్టరు. మనసు బాగాలేదంటే పెళ్లిసంబంధాలు చెడతాయి. కాబట్టి ఒంటిప్రశ్నలను కత్తిరించిన పత్రం యూరప్ ఆసుపత్రిలో న్యాయం చేసి, మన దగ్గర అసలు దుఃఖాన్నే జారవిడవవచ్చు. ఉంచితే నొప్పి మనోరోగంగా కనిపిస్తుంది, తీస్తే మనోవేదన కనిపించకుండా పోతుంది.

చట్టం, వర్గీకరణ వైపు మార్పులు మెల్లగానే వచ్చాయి. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో మానసిక మూలం గల నొప్పి అనే పేరు పెట్టింది, 1987లో, 1994లో పేరు మార్చింది. 2013లో, వైద్యపరంగా కారణం దొరకకపోవడమే రుగ్మతకు గుర్తన్న షరతును తీసేసింది. దాని స్థానంలో, లక్షణాల గురించి మితిమీరిన ఆలోచన, ఆందోళన ఉండాలన్నారు. మితం ఎంతో ఎవరు నిర్ణయిస్తారు? ఆ ప్రశ్న అలాగే మిగిలింది.

మరో దారిలో పోయినవాడు మాంట్రియల్ మనస్తత్వవేత్త రొనాల్డ్ మెల్జాక్. 1971లో టార్గర్సన్‌తో కలిసి నొప్పిని వర్ణించే మాటలు పోగుచేసి అర్థాన్ని బట్టి వర్గీకరించాడు. 1975లో అచ్చయిన మెగిల్ నొప్పి ప్రశ్నపత్రంలో 20 గుంపులుగా 78 మాటలున్నాయి. పొడవడం, కాలడం, కొరకడం వంటి ఇంద్రియానుభవపు మాటల పక్కనే అలసట, భయం, శిక్ష, క్రూరత్వం సూచించే మాటలు ఉన్నాయి. వాటిని రోగి స్వభావానికి గుర్తుగా లెక్కించలేదు. అవి నొప్పి లోపలి భాగమేనని, మనసు నొప్పి అవతల ఎక్కడో లేదని మెల్జాక్ తీసుకున్న వైఖరి. ఇతర పత్రాలు రోగికి వాక్యాలిచ్చి ఒప్పుకుంటావా అని అడిగాయి. ఇది రోగుల మాటలనే పోగుచేసి మొదలుపెట్టింది.

తెలుగులో ఈ పని చేయబోయేవారికి సామగ్రి తక్కువేమీ కాదు. పన్ను పోటు వేస్తుంది, గడ్డ సలుపుతుంది, కాళ్లు పీకుతాయి, తెలంగాణలో గుంజుతాయి, నడుం కలుక్కుమంటుంది, నరం జివ్వుమంటుంది, జ్వరం వచ్చినవాడికి ఒళ్లు తీపులు. ఇవి ఒకదానికొకటి మారుపేర్లు కావు. ఇబ్బంది వీటి దగ్గర లేదు, రెండు పక్కలా నిలబడే మాటల దగ్గర ఉంది. కడుపుమంట అన్నప్పుడు అది జీర్ణకోశం సంగతా, అన్యాయం చూసి రగిలిన గుండె సంగతా? గుండె బరువెక్కడం, తల తిరగడం, ఒళ్లు చచ్చుబడటం కూడా అంతే. ఒంట్లో నలతగా ఉందన్న మాటను ఏ గడిలో వేయాలి? ఇంగ్లీషు పత్రాన్ని తెలుగులోకి మార్చి, దాన్ని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి రెండూ సరిపోలాయి అనుకోవడం సాధారణ పద్ధతి. మాటలు సరిపోలడం దానితో తేలుతుంది గాని, కీళ్లవాతంతో ఉన్న బీడీ కార్మికురాలు ఆ వాక్యం విని ఏమనుకుందో తేలదు. అందుకు ఆమెనే ఒక్కొక్క ప్రశ్న దగ్గర ఆపి, నీకిది ఏమర్థమైందమ్మా అని అడిగి రాసుకోవాలి. చదువురాని రోగికి కాగితం చదివి వినిపించేది నర్సా, కంపెనీ గుమాస్తానా, పక్కన కూర్చున్న అత్తగారా అన్నది కూడా ఆ అంకెల పక్కన నమోదు కావాలి.